జపాన్ తోటలో శరత్తు: చంద్రపూర్ వైపు నుంచి

జపాన్ సంప్రదాయ ఉద్యానానికి కావలసిన సరంజామా కొద్దిదే. రాయి, నీరు, నాచు, గులకరాళ్లు, ఏళ్ల తరబడి కత్తిరించి దిద్దిన చెట్లు, వాటి నడుమ వంపులు తిరిగే కాలిబాట. పూలు ఉంటే ఉంటాయి, లేకపోయినా తోటకు వచ్చిన లోటేమీ లేదు. ఇలాంటి తోటలు చూడటానికి జపనీయులు ఏడాదికి రెండుసార్లు పనిగట్టుకుని బయలుదేరతారు. వసంతంలో చెర్రీ పూల కోసం, శరత్తులో ఎర్రబారిన ఆకుల కోసం. ఈ రెండో యాత్రకు మొమిజిగరి అని పేరు. 11వ శతాబ్ది తొలినాళ్ల ‘గెంజి మోనోగతారి’లో ఏడో అధ్యాయం పేరులోనే ఎర్రాకుల వేడుక ఉంది. అంటే ఆచారం వయసు వెయ్యేళ్లకు తక్కువ కాదు.

ఈ విషయాన్ని మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి చూడటానికి కారణాలు ఉన్నాయి. గోండు రాజుల కోట గోడలు నేటికీ చుట్టి ఉన్న ఈ పట్టణం ఇప్పుడు బొగ్గు గనులకు, థర్మల్ విద్యుత్తుకు, మే నెల ఎండలకు పేరుపడింది. ఇక్కడ తెలుగువారు తరాలుగా ఉన్నారు. జిల్లాలోని రాజురా తాలూకా 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో భాగం. బల్లార్షా జంక్షన్ దాటితే రైలు తెలంగాణ వైపే పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పట్టణం చుట్టూ ఉన్నది ఆకురాల్చే అడవి. ఆకు రాలడం ఏమిటో ఇక్కడివారికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ జపాన్ ఆకుకూ ఇక్కడి తాడోబా అడవి ఆకుకూ రాలే కారణం వేరు, ఎరుపెక్కే కాలం వేరు. ఈ తేడా తెలిస్తే జపాన్ తోటను సగం అర్థం చేసుకున్నట్టే.

తోట ఎలా రూపుకట్టింది

తోటల నిర్మాణంపై జపాన్‌లో దొరుకుతున్న తొలి గ్రంథం ‘సకుతెయికి’. 11వ శతాబ్దికి చెందిన దీన్ని తాచిబానా నో తోషిత్సునా అనే ప్రభువు రాశాడని చెబుతారు. రాయిని నిలబెట్టేటప్పుడు రాయి ఏం కోరుతోందో గమనించమని అది చెబుతుంది. ఆనాటి తోటలు కొలనుల చుట్టూ అల్లినవి, పడవలో తిరిగి చూసేవి. 14వ శతాబ్దిలో ముసో సొసెకి వంటి జెన్ గురువులు తోటను ధ్యానానికి దగ్గర చేశారు. నీరు లేకుండానే గులకరాళ్లను దువ్వి నీటిని తలపించే ఎండు తోటలు ఆ తర్వాత వృద్ధి చెందాయి. క్యోటోలోని ర్యోఆన్‌జిలో 15 రాళ్లు ఉన్నాయి. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా వాటిలో ఒకటైనా కంటికి ఆనదు. 16వ శతాబ్దిలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ కాలానికి తేనీటి గదికి దారితీసే చిన్న తోట పుట్టింది. 17, 18 శతాబ్దాల్లో సంస్థానాధీశులు నడిచి చూసే పెద్ద తోటలు కట్టుకున్నారు. నేడు యాత్రికులు చూసే పెద్ద తోటల్లో చాలా ఇవే.

నడిచి చూసే తోటకు రెండు రహస్యాలు. మొదటిది దాచడం. మలుపు తిరిగేదాకా చెరువు కనబడదు, కనబడ్డ చెరువు పది అడుగులు వేసేసరికి మళ్లీ మాయమవుతుంది. అడుగురాళ్లను కావాలనే ఎగుడుదిగుడుగా పేరుస్తారు. తల వంచుకుని నడిచేవాడు ఎక్కడ ఆగి తల ఎత్తాలో కూడా ఆ రాళ్లే నిర్ణయిస్తాయి. రెండోది అరువు దృశ్యం. గోడ అవతలి కొండనో కోటనో తోటలో భాగంగా చేసుకోవడం. క్యోటో ఉత్తరాన ఉన్న ఎన్‌త్సూజి తోటకు నిజమైన సొత్తు దూరాన కనిపించే హియె పర్వతం. ముందున్న కంచె, చెట్లు ఆ కొండకు కట్టిన చట్రం.

శరత్తు నెలల వారీగా

శరత్తులో జపాన్ తోట అనగానే ఎర్రాకుల ఫొటోలు గుర్తొస్తాయి. వాటిని చూసి నవంబరులో వెళ్లేవారు అప్పటికే సగం శరత్తును పోగొట్టుకుని ఉంటారు.

సెప్టెంబరు గడ్డిది. జపాన్‌లో శరత్తుకు ఏడు మొక్కలు ప్రతీకలు. ఆ జాబితాను 8వ శతాబ్దపు కవి యమనొవె నో ఒకురా చెప్పాడు. వాటిలో హగి అనే చిన్న పూల పొద ఒకటి, సుసుకి అనే గడ్డి ఒకటి. సుసుకి వెండికుచ్చులు మన వాగుల ఒడ్డున ఆశ్వయుజంలో విచ్చుకునే రెల్లు పూలకు దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. టోక్యోలోని ముకోజిమా హ్యక్కాయెన్ తోటలో హగి పొదలను వెదురు దబ్బల మీదికి పాకించి సొరంగంలా పెంచుతారు. చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమికి చంద్రుడి ముందు సుసుకి గడ్డి, బియ్యప్పిండి ఉండలు పెడతారు. చంద్రపూర్ మరాఠీ ఇళ్లలో కోజాగిరి పున్నమికి వెన్నెల్లో పాలు కాచుకుని తాగే అలవాటు ఉంది కదా, ఆ వేడుకకు ఇది సాటి. చాలా ఏళ్లలో జపాన్ పున్నమి ఒక నెల ముందే వచ్చేస్తుంది. అధికమాసం లెక్కల వల్ల 2025లో మాత్రం రెండూ అక్టోబరు 6నే పడ్డాయి. అదే రోజుల్లో ఇక్కడి తెలుగు ఇళ్లలో తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేరుస్తారు. శరత్తును చెట్టు మీద కాక గడ్డిపూలలో చూడటం మనకూ ఉంది. దాన్ని పండుగ అన్నామే తప్ప ప్రకృతి దర్శనం అనలేదు.

అక్టోబరు వాసనది, చామంతిది. కిన్‌మొకుసెయి అనే చెట్టు నారింజ రంగు చిట్టిపూలు పూస్తుంది. చెట్టు కంటబడక ముందే వీధి మలుపులో దాని పరిమళం తగులుతుంది. నవంబరు మొదటి పక్షంలో టోక్యోలోని షింజుకు గ్యోఎన్‌లో చామంతి ప్రదర్శన పెడతారు. చక్రవర్తి వంశ చిహ్నం చామంతే. ఒకే మొక్క నుంచి వందల పూలు ఒకే ఎత్తున, ఒకే రోజున విచ్చుకునేలా పెంచుతారు. కడియం నర్సరీలవారు చూస్తే మెచ్చుకుంటారు.

నవంబరు ఆకులది. రంగు ఉత్తరాన మొదలై దక్షిణానికి, కొండ మీద మొదలై మైదానానికి దిగుతుంది. హొక్కైదో దీవిలోని దైసెత్సుజాన్ కొండల్లో సెప్టెంబరు మధ్యలోనే ఎరుపు పాకుతుంది. క్యోటోకు చేరేసరికి నవంబరు రెండో సగం. టోక్యో, క్యోటో నగరాల్లో డిసెంబరు మొదటి వారం దాకా నిలుస్తుంది. ప్రధాన పాత్ర మేపుల్‌ది. ఆకు అయిదు నుంచి ఏడు కొనలుగా చీలి చంటిపిల్ల అరచెయ్యిలా ఉంటుంది. పక్కవాయిద్యం గింకో, నిలువెల్లా పసుపు.

క్యోటోలో ఈ రంగుకు పెద్దపీట తోఫుకుజి ఆలయానిది. లోయ నిండా మేపుళ్లు, పైన ‘త్సూతెన్‌క్యో’ చెక్క వంతెన. ఒకప్పుడు ఇక్కడ చెర్రీ చెట్లు ఉండేవని, వాటి కోసం వచ్చే విలాసయాత్రల వల్ల సన్యాసుల మనసు చెదురుతుందని చిత్రకారుడైన మించో అనే భిక్షువు కొట్టించేశాడని చెప్పుకుంటారు. ఇప్పుడు మేపుల్ కోసం వచ్చే జనాన్ని చూస్తే ఆయన ఏమనేవాడో! రద్దీ రోజుల్లో వంతెన మీద ఫొటోలు తీయనివ్వరు. ఎవరూ కదలరు కాబట్టి.

అదే నెలలో తోటమాలుల అసలు పని మొదలవుతుంది. యాత్రికులు ఆకుల వైపు తలెత్తి నడుస్తూ దీన్ని పట్టించుకోరు గానీ, నా దృష్టిలో చూడవలసింది ఇదే. పైన్ చెట్లకు ముదిరిన సూదులను చేతితో ఒక్కొక్క కొమ్మా ఒలిచి తీసేస్తారు, వెలుతురు లోపలికి దిగేలా. కనజవాలోని కెన్‌రొకుఎన్‌లో ఏటా నవంబరు 1న కరసాకి పైన్‌తో మొదలుపెట్టి తాళ్లు కడతారు. చెట్టు పక్కన నిలువు గడ పాతి, దాని కొస నుంచి ప్రతి కొమ్మకూ ఒక తాడు. శీతకాలపు తడిమంచు బరువుకు కొమ్మ విరగకుండా ఈ ఏర్పాటు. తాళ్లన్నీ కట్టాక చెట్టు మీద గొడుగు తెరిచినట్టు ఉంటుంది. పలుచోట్ల పైన్ మొదళ్లకు గడ్డిచాప పట్టీలు చుడతారు. చలికి పురుగులు అందులో దూరతాయి, చలికాలం చివర్లో పట్టీ విప్పి కాల్చేస్తారు. అయితే వాటిలో చిక్కేవి ఎక్కువగా సాలీళ్ల వంటి మేలుచేసే జీవాలేనని పరిశీలనలు తేల్చాయి. కొన్ని తోటలు మానేశాయి. కొన్ని అందం కోసం కొనసాగిస్తున్నాయి.

రాలిన ఆకును అన్నిచోట్లా ఒకేలా చూడరు. నాచు మీద పడ్డదాన్ని వెదురు చీపురుతో ఏరోజుకారోజు ఊడ్చాలి. లేకపోతే వెలుతురు అందక నాచు చస్తుంది. కాలిబాట మీద నాలుగు ఆకులు ఉంచుతారు. రిక్యూ తోటంతా శుభ్రంగా ఊడ్చి, ఆపై చెట్టును కాస్త కదిపి కొన్ని ఆకులు రాల్చాడన్న కథ జపాన్‌లో అందరికీ తెలుసు. నాచు తోటల్లో మేటి అయిన సైహోజికి 1977 నుంచి ముందుగా అనుమతి తీసుకుని వెళ్లాలి. అక్కడి నాచును ఎవరూ నాటలేదు. తోట పాడుబడిన రోజుల్లో తనంతట తాను ఆవరించింది.

ఎరుపు ఎందుకు, ఎప్పుడు

మేపుల్ ఆకులో ఆకుపచ్చ రంగు క్లోరోఫిల్‌ది. పగలు కురచబడి రాత్రులు చల్లబడేసరికి చెట్టు దాన్ని విరగ్గొట్టి, ఆకులోని నత్రజనిని కొమ్మలోకి లాగేసుకుంటుంది. అప్పటిదాకా మరుగున ఉన్న పసుపు పదార్థాలు బయటపడతాయి. గింకో ఇంతవరకే వస్తుంది. మేపుల్ ఇంకో అడుగు వేస్తుంది. ఆకు కాడ దగ్గర దారి మూసుకుపోవడంతో చక్కెర ఆకులోనే నిలిచి, ఎండ సాయంతో ఆంథోసయనిన్ అనే ఎర్ర పదార్థంగా మారుతుంది. అందుకే పగలు ఎండ, రాత్రి చలి రెండూ కలిసొచ్చిన ఏడు ఎరుపు గాఢంగా ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు దిగితే రంగు మొదలు, 5కు చేరితే జోరు అని జపాన్‌లో ఒక మోటు లెక్క. ఆ దేశ వాతావరణ సంస్థ 1953 నుంచి మేపుల్ ఎరుపెక్కే తేదీని నమోదు చేస్తోంది. ఆ తేదీ గత అర్ధశతాబ్దంలో రెండు వారాల మేరకు ఆలస్యమైంది. పాత యాత్రా పుస్తకంలోని తేదీలను నమ్ముకుని టికెట్ కొనవద్దు.

చంద్రపూర్ అడవిలో ఆకును రాల్చేది చలి కాదు, దాహం. ఆశ్వయుజ, కార్తీకాల్లో తాడోబా ఆకుపచ్చగానే ఉంటుంది. వానలు ఆగి, నేలలో తేమ ఇంకిపోయి, జనవరి నుంచి మార్చి లోపల టేకు తన పళ్లాలంత ఆకుల్ని గలగలా వదిలేస్తుంది. ఆ ఆకుకు ఎరుపు లేదు, గోధుమరంగే. శరత్తులో టేకు అక్కడక్కడ మాడినట్టు కనబడితే అది ఋతువు మహిమ అనుకోకూడదు. ఒక రకం రెక్కలపురుగు గొంగళి ఆకుపచ్చనంతా గీకి తిని ఈనెలు మిగులుస్తుంది. ఆకు జల్లెడలా తయారవుతుంది. అటవీ సిబ్బందికి ఇది పాత తలనొప్పి.

మరి ఇక్కడ ఎరుపు లేదా? ఉంది, వసంతంలో. మోదుగు ఫిబ్రవరి, మార్చిల్లో ఒక్క ఆకు లేకుండా మండుతుంది. అది పువ్వు. ఆకే ఎర్రబడాలంటే కుసుమ్ చెట్టును చూడాలి. మార్చిలో, ఎండ ముదురుతుండగా, వానకు ఇంకా మూడు నెలలుండగా, అది ఒంటినిండా నెత్తుటి రంగు చిగురు వేస్తుంది. దూరం నుంచి మేపుల్ అనుకుంటారు. ఇప్ప చిగురు రాగిరంగు, రావి చిగురు గులాబి, మామిడి చిగురు సంగతి తెలుగువారికి చెప్పేదేముంది. ఈ ఎరుపూ ఆంథోసయనిన్‌దే. లేత ఆకు ఎండకు కమిలిపోకుండా, పురుగుకు రుచించకుండా అది కాపు కాస్తుందని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఒకే రంగు అక్కడ ఆకుకు చివరి దశ, ఇక్కడ మొదటి దశ. జపాన్ కవిత్వంలో ఎర్రాకు వీడ్కోలుకు గుర్తుగా, మన కావ్యాల్లో ఎర్రచిగురు కోకిలకు ఆహారంగా కుదురుకోవడం వెనక ఈ వాతావరణ భేదం ఉంది.

ఒకయామా నుంచి పుణె దాకా

మహారాష్ట్రలో జపాన్ తోటను చూడదలిస్తే పుణె వెళ్లాలి. సింహగఢ్ రోడ్డు మీద 10 ఎకరాల్లో ఉన్న పు. ల. దేశ్‌పాండే ఉద్యానానికి పుణె-ఒకయామా మైత్రీ ఉద్యానం అని మరో పేరు. ఒకయామాలోని కొరాకుఎన్‌ను నమూనాగా పెట్టుకుని దీన్ని కట్టి 2006లో తెరిచారు. అసలు తోటను ప్రభువు ఇకెదా త్సునమసా 1687లో మొదలుపెట్టించాడు, 1700లో పూర్తయింది. కనజవా కెన్‌రొకుఎన్, మితో కైరకుఎన్‌లతో కలిపి దీన్ని జపాన్ మూడు మేటి తోటల్లో లెక్కిస్తారు. దీని విశాలమైన పచ్చిక జపాన్ తోటల్లో అరుదు. మధ్యలో వరిమడి, తేయాకు తోట ఉన్నాయి. ర్యూతెన్ అనే విశ్రాంతి మందిరం నేల మధ్యగా ఏరు పారుతుంది, అందులో ఆరు రంగురాళ్లు. అసాహి నదికి అవతల నల్లని ఒకయామా కోట అరువు దృశ్యం. 1934 వరదలోను, 1945 బాంబుదాడిలోను తోట దెబ్బతిన్నా, పాత చిత్రపటాలు చూసి మళ్లీ నిలబెట్టారు. ‘చిషియో నో మొరి’ అనే మేపుళ్ల తోపు నవంబరు చివర్లో ఎరుపెక్కుతుంది. క్యోటో రద్దీలో నలిగినవారికి ఇక్కడ ప్రాణం లేచొస్తుంది.

పుణె తోటలో కొలను, వంతెన, పచ్చిక, వంపుదారి ఉన్నాయి. ఎర్రాకులు లేవు. పుణె రాత్రులు మేపుల్‌కు కావలసినంత కాలం చల్లగా ఉండవు. ఇది తోట లోపం అనలేం. దాచి చూపే దారి, దూరపు కొండను పిలిచే చూపు, నీటి చప్పుడు, ఇవి ఏ దేశానికైనా తరలుతాయి. ఋతువు తరలదు. మన దేశంలో జపాన్ పేరుతో వెలిసే చాలా పార్కులు ఈ సంగతి మరిచి ఎర్ర రంగేసిన వంతెన, సిమెంటు దీపస్తంభం పెట్టి సరిపెడుతున్నాయి. చెట్టును ఏటా చేత్తో దిద్దే తోటమాలికి జీతం ఎక్కడ? విదర్భలోనే జపాన్ పద్ధతి తోట వేయాలంటే కుసుమ్, నల్లమద్ది, తపసి చాలు. చేపపొలుసులా పగిలే మద్ది బెరడు, వెన్నెల్లో తెల్లగా మెరిసే తపసి మాను, మార్చి కుసుమ్ ఎరుపు. వీటిని రాయి పక్కన, నీటి పక్కన ఎలా నిలపాలో ‘సకుతెయికి’ చెబుతుంది.

విదర్భకు జపాన్‌తో ఉన్న అసలు బంధం తోటలది కాదు, బౌద్ధానిది. నిచిదాత్సు ఫుజీ అనే భిక్షువు 1933లో వార్ధాకు వచ్చి గాంధీని కలిశాడు. వార్ధాలో ఆయన సంప్రదాయంవారు కట్టిన విశ్వశాంతి స్తూపం ఉంది. నాగపూర్‌లో దశాబ్దాలుగా అంబేద్కర్ బౌద్ధుల మధ్య పనిచేస్తున్న సురయ్ ససాయి పుట్టింది ఒకయామా ప్రాంతంలోనే. నాగపూర్ పక్క కామ్‌ఠీలోని డ్రాగన్ ప్యాలెస్ ఆలయాన్ని 1999లో జపాన్ ఒగావా సంస్థ తోడ్పాటుతో కట్టారు. నాగపూర్ సెమినరీ హిల్స్ వద్ద జపనీస్ గార్డెన్ పేరుతో ఒక ఉద్యానం ఉంది. ఇక చంద్రపూర్ సంగతి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్న అంబేద్కర్ రెండు రోజులకు, 16న, ఇక్కడ జనానికి దీక్ష ఇచ్చారు. ఏటా శరత్తులో ఆ రోజుల్లో ఇక్కడి దీక్షాభూమికి వేలమంది వస్తారు. చంద్రపూర్‌లో శరత్తు యాత్ర అంటే ఇదే.

వెళ్లేవారికి

ఆకుల కోసమే అయితే నవంబరు 20 నుంచి డిసెంబరు మొదటి వారం దాకా క్యోటో, ఒకయామా అనువైనవి. బసలు నెలల ముందే నిండిపోతాయి. ఒకయామా స్టేషన్ నుంచి ట్రాము ఎక్కి షిరోషితా వద్ద దిగి కొద్ది దూరం నడిస్తే కొరాకుఎన్. తోట తెరిచే వేళకే వెళ్లండి. ఏటవాలు ఎండ ఆకు వెనక నుంచి పడినప్పుడే ఎరుపు వెలుగుతుంది. రాత్రి విద్యుద్దీపాల ప్రదర్శనలు ఒకసారి చూడటానికి బాగుంటాయి, కానీ తోటను దీపాలే మింగేస్తాయి. నాచు మీద కాలు పెట్టకూడదు. బాట మీద తాడుతో కట్టిన చిన్న రాయి కనిపిస్తే అటు వెళ్లవద్దని అర్థం. శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి, కూరగాయల పులుసులోనూ తరచుగా ఎండుచేప రసం ఉంటుంది. క్యోటోలోని తెన్‌ర్యూజి వంటి ఆలయాల్లో పెట్టే షోజిన్ ర్యోరి భోజనం పూర్తిగా శాకాహారం, తోట కూడా అక్కడే.

జపాన్ దాకా వెళ్లలేనివారు మార్చి మధ్యలో తాడోబాకు వెళ్లి కుసుమ్ చెట్లను చూడండి. సఫారీ గైడును పులితోపాటు చెట్టు దగ్గర కూడా ఆపమని ముందే అడగాలి, లేకపోతే ఆపడు. మంగళవారం తాడోబా కోర్ ప్రాంతం మూసి ఉంటుంది.